మొదటి సెట్టులో గుర్తు తెలియని చెయ్యి

ఈ దేశంలో ఒక మనిషి పుట్టాడా లేదా అన్నది మునిసిపాలిటీ తేలుస్తుంది. ఆ మనిషికి భూమి ఉందా లేదా అన్నది ఎమ్మార్వో ఆఫీసు తేలుస్తుంది. ఆ మనిషి గిటారు వాయించాడా లేదా అన్నది మాత్రం అభిమానులు తేలుస్తారు. మొదటి రెండు చోట్లా పదిసార్లు తిరిగితే పదకొండోసారికైనా పని జరుగుతుంది. మూడో చోట జరగదు. ఎందుకంటే అక్కడివాళ్లు జీతానికి పనిచేసేవాళ్లు కారు, ప్రేమకొద్దీ పనిచేసేవాళ్లు.

థండర్ బాయ్స్ అంటే తెలియనివాళ్లు మా చిత్తూరు జిల్లాలో ఉండరు. ఉంటే వాళ్ల పెళ్లి 1973కి ముందో 1990 తర్వాతో అయి ఉంటుంది. మధ్యలో పెళ్లయినవాళ్లకు తాళిబొట్టు ఎంత గుర్తో ఈ ఆర్కెస్ట్రా కూడా అంత గుర్తు. పూతలపట్టు కూడలి నుంచి ఒక ఫర్లాంగు లోపలికి వస్తే మా చెరకు తోట, అందులో మోటారు షెడ్డు. ఈ బృందం పుట్టింది ఆ షెడ్డులోనే. మా మరిది రాజారత్నం పాట, ఖలందర్ గిటారు, ఇంకో ఇద్దరివి డ్రమ్ములూ ఆర్మోనియమూ.

మోటారు షెడ్డే ఎందుకని అడుగుతారేమో. ఖలందర్ గిటారు కరెంటు గిటారు, ఆ రోజుల్లో కరెంటు ఇచ్చేది మోటారుకే. తోటకు నీళ్లు పారినంతసేపూ సంగీతం పారేది. కరెంటు పోతే రెండూ ఆగిపోయేవి. మా ఆయన ఇంట్లో కూర్చునే, గిటారు ఆగింది కాబట్టి మడి తడవలేదని లెక్క కట్టుకునేవాడు. ఒక్కసారి కూడా తప్పు పోలేదు. (ఇంత ఉపయోగం ఉన్న సంగీతం నేను తర్వాత ఎక్కడా వినలేదు.)

ఖలందర్‌కు కూడలిలో రేడియో రిపేరు అంగడి ఉండేది, ఇప్పుడూ ఉంది. మద్రాసు నుంచి ఒక పాత గిటారు తెచ్చి, చచ్చిపోయిన రేడియోల స్పీకర్లు విప్పి దానికో పెట్టె తయారు చేశాడు. వాళ్లు సినిమా పాటలు వాయించేవాళ్లు, మధ్యలో ఒక ఇంగ్లీషు పాట వచ్చేది. ఆ ఇంగ్లీషు ఏ దేశానిదో నాకు తెలియదు, పాడే రాజారత్నానికీ తెలియదు. ఆఖరున పెళ్లికూతురు కారెక్కేటప్పుడు ఒక వరుస వాయించేవాళ్లు. దానికి మాటలు లేవు, పేరు లేదు, ఖలందర్ సొంతంగా కట్టింది. అది విని ఏడవని పెళ్లికూతురు లేదు. ఏడుపు రానివాళ్లు కూడా ఇదే అదనని కొంగు కళ్లకు అద్దుకునేవాళ్లు.

1990లో బృందం ఆగిపోయింది. అభిమానులు పెరిగింది ఆ తర్వాతే. ఉన్న బృందం గురించి వాదించాలంటే పోయి వినాలి, లేని బృందం గురించి ఇంట్లో కూర్చునే వాదించవచ్చు. 1994లో చిత్తూరులో థండర్ బాయ్స్ అభిమానుల సంఘం రిజిస్టరు అయింది. దానికి ప్రధాన కార్యదర్శి జయరావు, రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాసే మనిషి. ఆరు నెలలు తిరగకుండా తిరుపతిలో థండర్ బాయ్స్ అసలు అభిమానుల సంఘం వెలిసింది. దానికి కుప్పుస్వామి అనే లాడ్జి మేనేజరు అధ్యక్షుడు. చిత్తూరువాళ్లది మొదటి సెట్టు పక్షం, తిరుపతివాళ్లది మూడో సెట్టు పక్షం. రెండో సెట్టు పక్షానికి ఒకే ఒక్క మనిషి ఉండేవాడు, ఆయన పుత్తూరుకు బదిలీ అయిపోయాడు.

సెట్టు అంటే ఏ కాలంలో ఎవరెవరు వాయించారన్న జాబితా. ఒక మనిషి పోయి ఇంకొకరు వస్తే సెట్టు మారినట్టు. ఇందులో వాదన ఏముందని మామూలు మనిషికి అనిపిస్తుంది. మామూలు మనిషిని సంఘం లోపలికి రానివ్వరు. డ్రమ్ములాయన 1976లో ఎందుకు మానేశాడన్న విషయం మీదనే చిత్తూరువాళ్లు రెండు కరపత్రాలు, తిరుపతివాళ్లు మూడు కరపత్రాలు వేశారు. లయ పట్ల సిద్ధాంత భేదం అని ఒకరు, పడమటి దేశాల ప్రభావం మీద నిరసన అని ఇంకొకరు. జరిగింది నేను చూశాను. వడమాలపేట పెళ్లిలో పంక్తిలో కూర్చున్నప్పుడు రాజారత్నానికి రెండోసారి వడ వేశారు, డ్రమ్ములాయనకు వేయలేదు. ఆయన విస్తరి మడిచి లేచి, తర్వాత శ్రీహరికోటలో క్యాంటీను ఉద్యోగం చూసుకున్నాడు. ఇది నేను సంఘంవాళ్లకు చెబితే చాలా మర్యాదగా విన్నారు. సిద్ధాంత భేదం వడ రూపంలో బయటపడి ఉండవచ్చని రాసుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఈ బృందం పాటలు ఎవరూ రికార్డు చేయలేదు. కాబట్టి ఎవరు ఎప్పుడు వాయించారన్నదానికి ఆధారం కావాలి, ఆ ఆధారం పెళ్లి ఆల్బములని సంఘం తీర్మానించింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది. పెళ్లి తంతు అంతా అయ్యాక ఫోటోగ్రాఫరు ఆర్కెస్ట్రావాళ్లను పిలిచి, పెళ్లికొడుకునూ పెళ్లికూతురినీ మధ్యలో నిలబెట్టి ఒక ఫోటో తీసేవాడు. జయరావు మనుషులు మూడేళ్లపాటు ఊరూరా తిరిగి నూట పన్నెండు ఆల్బములు సేకరించారు. ఏ ఫోటోలో ఎవరి చేతిలో ఏ వాద్యం ఉందో చూసి, తేదీ వేసి, సెట్టు నిర్ణయ ఉపసంఘం ముద్ర గుద్దారు.

ఆ పద్ధతిలో 1973 నుంచి 1979 దాకా ఆరేళ్లలో థండర్ బాయ్స్‌కు పదకొండు మంది గిటారు వాళ్లు ఉన్నట్టు తేలింది. పదకొండు మందిలో ఖలందర్ లేడు.

ఎందుకు లేడో ఆ పెళ్లిళ్లలో అన్నం తిన్న ఎవరిని అడిగినా చెబుతారు. గిటారు పట్టుకొని ఫోటో దిగాలని మగపిల్లలందరికీ ఆశ. ఫోటో అనగానే పెళ్లికూతురి తమ్ముడో, పెళ్లికొడుకు స్నేహితుడో వచ్చి, ఖలందరన్నా ఒక్కసారి ఇయ్యి అనేవాడు. ఖలందర్ ఇచ్చేసేవాడు. ఇచ్చి ఊరికే ఉండేవాడు కాదు. ఆ కాలపు ఫోటోలకు పెద్ద దీపం కావాలి, దీపానికి ప్లగ్గు కావాలి, పందిట్లో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు గిటారు పెట్టెది. అది పీకి, దీపం తగిలించి, ఆ వేడికి చెయ్యి కాలుతున్నా దాన్ని ఎత్తి పట్టుకొని నిలబడేది ఖలందరే. కరెంటు పని తెలిసినవాడు ఆయనొక్కడే మరి. 1979లో ఫోటోగ్రాఫరు ఫ్లాషు కొన్నాడు. దీపం పట్టే పని తప్పింది, పిల్లలు గిటారు అడిగేలోపే ఫోటో అయిపోయేది. ఆ ఏడు నుంచి ఫోటోల్లో ఖలందర్ కనిపిస్తాడు. కాబట్టి ఖలందర్ 1979లో బృందంలో చేరాడని, ఆయన మూడో సెట్టు మనిషని ఉపసంఘం తీర్పు ఇచ్చింది.

ఆ పదకొండు మంది గురించి అభిమానులు చేసిన చర్చ ఇక్కడ రాస్తే పుస్తకం అవుతుంది. (వాళ్లు రాశారు, పుస్తకం అయింది.) ఒక పెళ్లికి మందులిచ్చే కాంపౌండరు వచ్చి రెండు నిమిషాలు గిటారు పట్టుకున్నాడు. ఆయన కాలాన్ని స్వల్పమే అయినా విషాదభరితమైన దశ అని కుప్పుస్వామి వర్ణించాడు. ఎనిమిదోవాడు గిటారును తలకిందులుగా పట్టుకొని ఉంటే, ఎడమచేతి వాటం కళాకారుడని, అందువల్లే 1977లో బృందం ధ్వని మారిందని చిత్తూరువాళ్లు నిరూపించారు. ధ్వని మారిన మాట నిజం. ఆ ఏడు వానకు మా షెడ్డు కప్పు కారి స్పీకరు తడిసింది.

పదకొండు మందిలో మొదటివాడు సుబ్రమణ్యం. 1973లో పూతలపట్టులో జరిగిన పెళ్లిలో పెళ్లికూతురి తమ్ముడు. తర్వాత బస్సు డిపోలో గుమాస్తాగా చేరాడు. మంచి మనిషి. మొదటి ఫోటోలో గిటారు ఆయన చేతిలో ఉంది కనుక థండర్ బాయ్స్ అసలు గిటారు కళాకారుడు ఆయనేనని చిత్తూరు సంఘం ప్రకటించినప్పుడు ఆయన నిజాయితీగా, నేను వాయించలేదు, ఊరికే పట్టుకున్నాను అని చెప్పాడు. అంత గొప్పవాడికి అంత వినయమా అని సభ చప్పట్లు కొట్టింది. రెండోసారి ఉత్తరం రాసి మరీ కాదన్నాడు. ఆ ఉత్తరాన్ని పటం కట్టించి సంఘం ఆఫీసులో పెట్టారు. మూడోసారి కాదనడానికి వెళ్తే శాలువా కప్పారు. నాలుగో శాలువా నాటికి ఆయన కాదనడం మానేశాడు. ఐదో శాలువాకు, ఆ రోజుల్లో వేళ్లు బాగా నొప్పి పుట్టేవని కూడా అన్నాడట.

ఇదంతా ఎవరి ఇంటి ముచ్చట వాళ్లదని వదిలేయవచ్చు. ఖలందర్ కూడా వదిలేశాడు. కానీ 1998 ఫిబ్రవరిలో థండర్ బాయ్స్ రజతోత్సవం జరపాలని, వేదిక మీద మొదటి సెట్టు మాత్రమే వాయించాలని సంఘం నిర్ణయించింది. మూడో సెట్టువాళ్లకు ప్రేక్షకుల్లో కుర్చీ ఇస్తారు. ఇక్కడ వచ్చింది కష్టం.

ఖలందర్ కూతురి బిడ్డ రేష్మా, తొమ్మిదేళ్ల పిల్ల, తాత దగ్గరే ఉండి చదువుకుంటోంది. వాళ్లలో తల్లి తరఫు తాతను నానా అంటారు. ఈ పిల్ల తన నానా గిటారు వాయిస్తుంటే ఒక్కసారీ చూడలేదు. దానికి ఊహ తెలిసేనాటికి గిటారు గోడకు ఎక్కింది, ఖలందర్ భార్య ఖాజాబీ దానికి పాత దుప్పటితో కుట్టిన గలేబు తొడిగింది. పెళ్లిళ్లు లేనిదే వాయించడం ఎందుకని ఖలందర్ దించలేదు. రజతోత్సవం అనగానే, ముందు వరసలో కూర్చోబెడతాను, నీ కళ్లతో చూద్దువుగాని అని పిల్లకు మాటిచ్చాడు. పిల్ల బడిలో అందరికీ చెప్పింది. బడిలో అయ్యవారు సంఘం సభ్యుడు. మీ నానా మూడో సెట్టు, అసలు సెట్టు కాదు అని ఆయన తరగతిలో సరిదిద్దాడు. పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చింది.

దాంతో ఖలందర్‌ను వెంటబెట్టుకొని నేనే సెట్టు నిర్ణయ ఉపసంఘం ముందుకు పోయాను. రాజారత్నాన్ని కూడా తీసుకుపోయాను. బృందం పెట్టినవాడు, పాడినవాడు, ఆయన చెబితే ఇక మాటేముందని. పోయాక తెలిసింది, ఏడో నిబంధన ప్రకారం బృందంలో ఎవరు ఉన్నారన్న విషయంలో బృందంలో ఉన్నవాళ్ల మాట చెల్లదు. వాళ్లకు అందులో సొంత ప్రయోజనం ఉంటుంది కదా. రాజారత్నాన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి సోడా ఇచ్చారు. నా మాటా చెల్లదు, ఎందుకంటే నేను అభిమానిని కాను. అన్నం పెట్టినవాళ్లను ఏ తరగతిలో చేర్చాలో నిబంధనల్లో లేదు.

జయరావు మంచం మీద పరిచిన పంచెలా పెద్ద కాగితం పరిచి, దాని మీద మొదటి ఫోటో పెట్టి, భూతద్దం తీశాడు. ఫోటోలో రాజారత్నం, డ్రమ్ములాయన, ఆర్మోనియం ఆయన, గిటారుతో సుబ్రమణ్యం, మధ్యలో పెళ్లిజంట. కుడి అంచున గాలిలో ఒక చెయ్యి మాత్రం ఉంది. దాని కింద సంఘంవాళ్లు ఎర్ర సిరాతో ‘గుర్తు తెలియని చెయ్యి’ అని రాసుకున్నారు. మొదటి సెట్టు అధికార జాబితాలో కూడా ఐదో వరసలో అదే ఉంది.

“అది నా చెయ్యి సార్” అన్నాడు ఖలందర్. “దీపం పట్టుకోనుండాను.”

“చేతికి గడియారం ఉండాది సూడప్పా. నీకు గడియారం లేదే.”

“అది పెండ్లికూతురు నాయనది సార్. కాళ్లు కడిగేటప్పుడు తడుస్తాదని తీసి నా చేతికి పెట్టినాడు.”

జయరావు భూతద్దం ఫోటో మీద నుంచి ఖలందర్ చేతి మీదకి, చేతి మీద నుంచి ఫోటో మీదకి నాలుగుసార్లు తిప్పాడు. పాతికేళ్ల కిందటి చెయ్యి తెచ్చి చూపిస్తే పోల్చవచ్చు గానీ, ఇప్పటి చెయ్యితో పోల్చడం పద్ధతి కాదన్నాడు. పైగా ఒకవేళ అది ఖలందర్ చెయ్యే అయినా, చేతిలో ఉన్నది దీపం. అప్పుడు ఆయన మొదటి సెట్టులో దీపం కళాకారుడు అవుతాడు తప్ప గిటారు కళాకారుడు కాలేడు.

నాకు ఒళ్లు మండింది. “ఏం నాయనా జయరావూ, ఆరేండ్లు నా షెడ్డులో వాయించినాడు, నా చేత్తో సంగటి తిన్నాడు. నేను బతికుండంగానే నా కండ్లు అబద్ధమా?” అని అడిగాను.

“మీ మాట మీద మాకు శానా గౌరవం ఉండాదమ్మా” అన్నాడు జయరావు. “కానీ గౌరవం ఆధారం కాదు గదా.”

ఎంత మంచిగా అన్నాడంటే, బయటికి వచ్చి బస్సు ఎక్కిందాకా ఆ మాటకు నాకు కోపం రాలేదు.

రజతోత్సవానికి మూడు వారాల ముందు సాధన పెట్టుకున్నారు. శ్రీహరికోట నుంచి డ్రమ్ములాయన వచ్చాడు. (రాజారత్నం మొదటి పనిగా ఆయనకు రెండు వడలు తెప్పించాడు, ఇరవై రెండేళ్ల సిద్ధాంత భేదం పది నిమిషాల్లో సమసిపోయింది.) సుబ్రమణ్యం చేతికి అద్దెకు తెచ్చిన గిటారు ఇచ్చారు. ఆయన దాన్ని ఫోటోలో ఉన్నట్టే చాలా అందంగా పట్టుకున్నాడు. వాయించమన్నారు. ఆయన చుట్టూ చూసి, మెల్లగా, నాకు రాదని మొదటి నుంచీ చెబుతున్నాను కదా అన్నాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సంఘం అత్యవసరంగా కూడింది. ఇలాంటప్పుడు ఏ సంఘమైనా తప్పు జరిగిందని ఒప్పుకుంటుందని మీరనుకుంటే, మీరు ఎప్పుడూ ఏ సంఘంలోనూ లేరన్నమాట. ముద్ర గుద్దిన నిర్ణయాన్ని మార్చాలంటే నూట పన్నెండు ఆల్బములూ మళ్లీ తెప్పించాలి. మూడు గంటల చర్చ తర్వాత తీర్మానం చేశారు. దాన్ని దస్తావేజు భాషలో జయరావే రాశాడు: అసలు గిటారు కళాకారుడు వేదికపై ఉండవలెను, గిటారు ధ్వని వేరొక స్థలము నుండి వచ్చుటకు అభ్యంతరము లేదు.

ఆ వేరొక స్థలం ఖలందర్.

జయరావూ సుబ్రమణ్యమూ కలిసి అంగడికి వచ్చారు. నేను రేడియో తెచ్చుకుందామని పోయి అక్కడే ఉన్నాను. సుబ్రమణ్యం ముఖం ఎత్తలేదు. వేదిక వెనక తెర ఉంటుందని, తెర వెనక కూర్చొని వాయించాలని, బయట సుబ్రమణ్యం వేళ్లు కదిలిస్తాడని జయరావు వివరించాడు. ఖలందర్ చేతిలో ఎవరిదో టేపురికార్డరు పొట్ట తెరిచి ఉంది. దాన్ని పక్కన పెట్టి, విప్పిన మరలు ఒక్కొక్కటీ ఏరి మూతలో వేసుకున్నాడు.

“ఖలందరప్పా, నేనేం కావాలని చెయ్యలేదప్పా” అన్నాడు సుబ్రమణ్యం. “వద్దంటే శాలువా కప్పినారు. నేనేం చేసేది?”

“నీదేం తప్పులేదు లేప్పా. ఆ పొద్దు ఇచ్చింది నేనే గదా” అన్నాడు ఖలందర్. తర్వాత జయరావు వైపు తిరిగాడు. “ఒకటే మాట. నా మనవరాలు ముందర కూసోనుంటాది. ఆఖరి పాటకు తెర లేపుతారా?”

లేపుతామని జయరావు మాటిచ్చాడు. ఆఖరున పెళ్లికూతురు వరుస వాయిస్తున్నప్పుడు తెర లేస్తుందని, ప్రత్యేక ఆహ్వానితుడని మైకులో పేరు చెబుతామని కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు. దస్తావేజులు రాసే మనిషి కాబట్టి ఇద్దరు సాక్షులను కూడా పెట్టమంటే పెట్టాడు. అందులో ఒకదాన్ని నేను.

చిత్తూరులో ఒక కల్యాణ మండపంలో ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా రజతోత్సవం. ఆరు గంటల తర్వాత ఎవరిదో రిసెప్షను ఉంది, ఆలోగా ఖాళీ చేయాలి. హాలు నిండిపోయింది. చిత్తూరువాళ్లు కుడివైపు, తిరుపతివాళ్లు ఎడమవైపు, మధ్యలో నడవడానికి దారి, ఆ దారిలో ఒక కానిస్టేబులు. ముందు వరసలో ఖాజాబీ, రేష్మా, నేను. రేష్మా కొత్త గౌను వేసుకొని, తలకు మల్లెపూల దండ పెట్టుకొని వచ్చింది. నానా ఎప్పుడొస్తాడని అడిగితే, ఆఖర్లో వస్తాడు, చూస్తూ ఉండు అని ఖాజాబీ చెప్పింది. అంతకంటే చెప్పకూడదని ఒప్పందం.

కచేరి మొదలైంది. రాజారత్నం గొంతు కొంచెం ముసలిదైంది గానీ, ఆ ఇంగ్లీషు పాట మాత్రం అలాగే ఉంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. గిటారు మొదలవగానే నాకు మా చెరకు తోట, కాలవలో గలగలమని పారే నీళ్లు కనిపించాయి. ఎనిమిదేళ్లు గోడకు ఉన్న గిటారు అని ఎవరూ అనరు. బయట సుబ్రమణ్యం వేళ్లు తనకు తోచినట్టు కదిలిస్తున్నాడు. ఒకసారి పాట మధ్యలో ముక్కు గీరుకోవడానికి చెయ్యి తీశాడు, గిటారు మాత్రం ఆగలేదు. దాన్ని చూసి నా వెనక వరస అభిమాని పక్కాయనతో, ఒంటి చేత్తో వాయిస్తున్నాడప్పా, ఇది మొదటి సెట్టుకే చెల్లింది అన్నాడు. ఎడమవైపు కుప్పుస్వామి కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం నేను చూశాను.

ఐదున్నరకు పెళ్లికూతురు వరుస వచ్చింది. హాలులో నలభై దాటిన ఆడవాళ్లందరూ కొంగులు తీశారు. ఖాజాబీ కూడా తీసింది. జయరావు మైకు పట్టుకొని, ఇప్పుడు తెర లేపి ఒక ప్రత్యేక ఆహ్వానితుడిని చూపించబోతున్నాము, థండర్ బాయ్స్ మొదటి సెట్టు అనుబంధ సభ్యుడు ఖలందర్ గారు అన్నాడు.

రేష్మా లేచి నిలబడింది.

ఎడమవైపు నుంచి కుప్పుస్వామి కూడా లేచాడు. అనుబంధమా అని అడిగాడు. మొదటి సెట్టుకు అనుబంధం అనే వర్గమే లేదని, ఖలందర్ మూడో సెట్టుకు ప్రాణమని, తమ మనిషిని చిత్తూరువాళ్లు అనుబంధంగా లాక్కోవడం కుట్ర అని, మూడో సెట్టు అని ప్రకటిస్తేనే తెర లేపాలని అన్నాడు. మూడో సెట్టు అని ప్రకటిస్తే రజతోత్సవంలో మొదటి సెట్టు మాత్రమే ఉండాలన్న తీర్మానం చెల్లకుండా పోతుందని జయరావు మైకులోనే జవాబిచ్చాడు. ఒకాయన లేచి మధ్యేమార్గంగా ఒకటిన్నర అందామన్నాడు. ఆయనను రెండు పక్షాలూ కలిసి కూర్చోబెట్టాయి. ఇంకొకాయన, ఏ సెట్టూ చెప్పకుండా మనిషిని మాత్రం చూపిస్తే సరిపోతుంది కదా అన్నాడు. సెట్టు లేని మనిషిని వేదిక మీదకి ఎలా తెస్తారని అందరూ నవ్వారు.

ఈ వాదన జరుగుతున్నంతసేపూ తెర వెనక నుంచి ఆ వరుస మెల్లగా వినిపిస్తూనే ఉంది. తెర లేచేదాకా ఆపకూడదని ఆయన అనుకున్నట్టుంది. ఒకసారి అయిపోయి మళ్లీ మొదలైంది, మళ్లీ అయిపోయి మళ్లీ మొదలైంది. రాజారత్నం తెర వైపు రెండడుగులు వేస్తే, బృంద సభ్యులు సభా వ్యవహారాల్లో తలదూర్చకూడదని వాలంటీరు ఆపాడు.

ఆరు కొట్టింది. రిసెప్షను అలంకారం వాళ్లు నిచ్చెనలతో వచ్చారు. వాళ్లకు ఏ సెట్టుతోనూ పని లేదు. ఒకడు మైకు ప్లగ్గు పీకాడు, దాంతో పాటే గిటారు పెట్టెదీ పోయింది. ఇంకో ఇద్దరు ఆ తెర మీదే థర్మకోలు అక్షరాలతో వధూవరుల పేర్లు గుచ్చి, చుట్టూ బంతిపూల మాలలు వేసి, కింద అంచులు మేకులతో బిగించేశారు. జయరావూ కుప్పుస్వామీ వాదించుకుంటూనే మెట్లు దిగారు. సుబ్రమణ్యాన్ని అభిమానులు భుజాల మీద ఎత్తుకొని బయటికి తీసుకుపోయారు. ఆయన వెనక్కి తిరిగి తెర వైపు చూస్తూ ఏదో అరిచాడు, చప్పట్లలో వినపడలేదు.

ఖలందర్ వంటింటి గుమ్మం గుండా వచ్చాడు. చంకలో గిటారు, గలేబులో ఉంది. చొక్కా వీపు మొత్తం తడిసి ఉంది, లోపల ఫ్యాను లేదట. మేము బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాము. రేష్మా ముఖం అటు తిప్పుకుంది. కాసేపటికి తనే ఇటు తిరిగింది.

“నువ్వు రానేలేదు గదా నానా” అంది. “ఆయన మాత్రం ఎంత బాగా వాయించినాడో. నువ్వు కూడా అట్లనే వాయించేవాడివా?”

ఖలందర్ గిటారును ఈ చంకలో నుంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. “ఇంచుమించు అట్లనే బిడ్డా” అన్నాడు.

నేనింక ఉండబట్టలేక, ఇంతసేపూ తెర వెనక కూర్చొని వాయించింది మీ నానానే, ఆయప్ప ఊరికే పట్టుకొని నిలబడ్డాడు అని పిల్లకు చెప్పేశాను. ఒప్పందం ఉంటే ఉండనీ అనుకున్నాను. పిల్ల నన్నూ, వాళ్ల నానానూ మార్చి మార్చి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకొని, పెద్దవాళ్లు నొచ్చుకోకుండా మాట్లాడే గొంతుతో, “సరేలే అవ్వా” అంది.

బస్సులో దానికి నిద్ర వచ్చి ఖలందర్ ఒళ్లోనే పడుకుంది. ఆయన కుడిచేతి వేళ్లు దాని వీపు మీద ఏదో వాయిస్తున్నాయి.

నెల తిరక్కుండా రజతోత్సవ నివేదిక అచ్చయి వచ్చింది. రెండు సంఘాలూ కలిసి సంతకం పెట్టిన మొట్టమొదటి కాగితం అదేనట. సుబ్రమణ్యం గిటారు వాదనంలో పాతికేళ్ల నాటి మాధుర్యం చెక్కుచెదరలేదని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. చివరి పేజీలో, ఆహ్వానం అందినా హాజరు కాని కళాకారులు అన్న శీర్షిక కింద ఒకే ఒక్క పేరు ఉంది: ఖలందర్, కారణం తెలియజేయలేదు.